చార్లీ వాళ్ల అన్నయ్య

1918లో వచ్చిన 'ఎ డాగ్స్ లైఫ్'లో ఒక తిండిబండి దగ్గర జరిగే సన్నివేశం ఉంది. బండివాడు లోపల నిలబడి వ్యాపారం చేసుకుంటుంటాడు. అతని ముందు పళ్లెంలో కేకులు. బండివాడు అటు తిరిగాడంటే చాలు, బయటున్న చార్లీ ఒక కేకు నోట్లో వేసుకుంటాడు. ఇటు తిరిగేసరికి బుగ్గలు కదలవు, చూపు ఎక్కడో ఉంటుంది, పళ్లెంలో మాత్రం ఒకటి తక్కువ. మళ్లీ అటు, మళ్లీ ఒకటి. బండివాడికి అనుమానం మొదలవుతుంది. అనుమానం పెరిగేకొద్దీ పళ్లెం తరిగిపోతుంది. నూరేళ్లకు పైగా జనం ఆ దొంగ నోటినే చూస్తూ నవ్వుతున్నారు. ఆ సన్నివేశాన్ని రెండోసారో మూడోసారో చూసేవాడికి మాత్రం కన్ను పక్కకు జారుతుంది. ఆ బండివాడు తల తిప్పే క్షణం రవ్వంత ముందైనా, రవ్వంత ఆలస్యమైనా అక్కడ నవ్వు లేదు. కేకు మింగడం ఎంత కష్టమో, మింగేంతసేపు మాత్రమే అటు చూస్తూ ఉండటం అంతే కష్టం. ఇంత కొలిచినట్టు తల తిప్పుతున్న ఈ మనిషి ఎవరు?

సిడ్నీ చాప్లిన్. చార్లీకి అన్నయ్య. నాలుగేళ్ల తర్వాత 'పే డే'లో కూడా అతను తిండిబండి యజమానే. ప్రపంచంలో అందరికన్నా పేరున్న నటుడికి అన్న అయివుండి, అతని సినిమాల్లో రెండుసార్లు దొరికిన ఉద్యోగం అది.

చార్లీ చాప్లిన్‌కి ఒక అన్నయ్య ఉండేవాడనీ, అతనూ హాస్యనటుడేననీ చెబితే వినేవాళ్ల నోట వచ్చే మొదటి మాట 'పాపం'. అంతటివాడి తోడబుట్టి, అదే పని చేసుకుని బతకడమంటే మాటలా! మన దేశంలో ఇలాంటి జాలి హిందీ నటుడు అనూప్ కుమార్‌కి దక్కింది. పైన అశోక్ కుమార్, కింద కిశోర్ కుమార్, మధ్యలో అతను. 1958 నాటి 'చల్తీ కా నామ్ గాడీ'లో ముగ్గురూ అన్నదమ్ములుగానే వేశారు, నడిపివాడు జగ్గూ పాత్ర అనూప్‌ది. ఆ సినిమా పాటలు నోటికొచ్చిన వాళ్లలో ఎంతమందికి జగ్గూ ముఖం గుర్తుంటుంది? సిడ్నీనీ ఆ వరసలోనే కూర్చోబెట్టేయవచ్చు. కానీ అతని కథ మొదటి నుంచీ చదువుతూ పోతే, ఆ 'పాపం' ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే ఉండిపోతుంది.

సిడ్నీ 1885 మార్చి 16న లండన్‌లో పుట్టాడు. తల్లి హానా హిల్‌కి అప్పటికి పెళ్లి కాలేదు. మూడు నెలల తర్వాత ఆమె చార్లెస్ చాప్లిన్ అనే గాయకుణ్ణి చేసుకుంది, పిల్లవాడికి ఆ ఇంటిపేరు వచ్చింది. నాలుగేళ్లకు, 1889 ఏప్రిల్ 16న చార్లీ పుట్టాడు. తర్వాత లోకమంతా మారుమోగిన ఆ ఇంటిపేరు తమ్ముడికి రక్తంలో వచ్చింది, అన్నకు తల్లి పెళ్లితో వచ్చింది. తండ్రి తాగుడుకు బానిసై ఇల్లు పట్టించుకోలేదు, తల్లి గొంతు పోయింది, ఆ తర్వాత మతి కూడా నిలవలేదు. 1896లో తల్లీ పిల్లలూ లాంబెత్ వర్క్‌హౌస్‌లో చేరారు. గతిలేనివాళ్లకు పని చెప్పి తిండి పెట్టే చోటు అది. అక్కణ్ణుంచి పిల్లలిద్దరినీ హాన్‌వెల్ అనే ఊళ్లోని అనాథ పిల్లల బడికి పంపారు. పదకొండేళ్లు దాటిన సిడ్నీని తర్వాత ఎక్స్‌మౌత్ అనే శిక్షణ నౌక మీదికి ఎక్కించారు. అక్కడ అతను బాకా ఊదడం నేర్చుకున్నాడు.

ఈ రోజుల గురించి చార్లీ తన ఆత్మకథలో చాలానే రాశాడు. 1964లో వచ్చిన ఆ పుస్తకంలో చిన్ననాటి అధ్యాయాలు చదువుతుంటే విచిత్రమైన సంగతి ఒకటి కనిపిస్తుంది. రాసినవాడు చార్లీ, బాధపడేవాడు చార్లీ, కానీ ఏదైనా జరిగేది మాత్రం సిడ్నీ వల్ల. తల్లి తన పాత వెల్వెట్ జాకెట్టుని కత్తిరించి సిడ్నీకి కోటు కుడితే, చారల చేతులున్న ఆ కోటు వేసుకుని బడికి వెళ్లి వెక్కిరింతలు పడింది సిడ్నీ. బస్సులో పేపర్లు అమ్ముతుంటే దొరికిన పర్సుని ఇంటికి తెచ్చిందీ, అందులోంచి ఏడు బంగారు నాణేలు రాలితే ఇంటిల్లిపాదికీ కొత్త బట్టలూ సముద్రపు ఒడ్డున షికారూ దక్కిందీ సిడ్నీ పుణ్యమే. తర్వాత అతనికున్న ఒకే ఒక మంచి సూటు సోమవారం తాకట్టుకు వెళ్లి శనివారం విడుదలయ్యేది. 1903లో తల్లిని పిచ్చాసుపత్రిలో పెట్టినప్పుడు సిడ్నీ ఓడ మీద ఉన్నాడు. పద్నాలుగేళ్ల చార్లీ ఇంటావిడ కంట పడకుండా వీధుల్లో తిరుగుతూ, అన్నయ్య ఎప్పుడొస్తాడా అని రోజులు లెక్కపెట్టుకున్నాడు. అన్నయ్య వచ్చాడు. స్టేషన్లో తమ్ముడి చింపిరి బట్టలు చూశాడు. ఓడ మీద కూడబెట్టిన డబ్బు అతని జేబులో ఉంది. ఆ తర్వాత కొన్నాళ్లు ఇద్దరూ కడుపునిండా తిన్నారు.

అదే ఏడు చార్లీకి 'షెర్లాక్ హోమ్స్' నాటకంలో బిల్లీ అనే కుర్రాడి వేషం దొరికింది. దానికన్నా ముందు ఆడాల్సిన 'జిమ్' అనే నాటకంలో అతనిది ముప్పై అయిదు పేజీల పాత్ర, పిల్లవాడికేమో చదవడం సరిగ్గా రాదు. సిడ్నీ చదివి వినిపించాడు, మూడు రోజుల్లో చార్లీకి మొత్తం నోటికొచ్చింది. ఎవరి వెనుక ఎవరున్నారన్న లెక్క ఇక్కణ్ణుంచే తికమక పడుతుంది. ఎందుకంటే 'షెర్లాక్ హోమ్స్'లోనే తర్వాత సిడ్నీకి చిన్న వేషం దొరికింది తమ్ముడి మాటసాయంతో.

1906లో సిడ్నీ ఫ్రెడ్ కార్నో కంపెనీలో చేరాడు. మాటలు తక్కువ, తన్నులు ఎక్కువ అన్నట్టుండే మూకహాస్యపు ప్రహసనాలకు ఇంగ్లండులో కార్నో పెద్ద పేరు. కొద్దికాలంలోనే సిడ్నీ అక్కడి ముఖ్య హాస్యగాళ్లలో ఒకడయ్యాడు. మా తమ్ముణ్ణీ తీసుకోండి అని యజమాని వెంట పడ్డాడు. పాలిపోయిన ముఖంతో, నోరు విప్పని ఆ కుర్రాడు కార్నోకి మొదట ఆనలేదు. అన్న పోరు పడలేక 1908లో ప్రయత్నించి చూశాడు, ఆ తర్వాత వదల్లేదు. 1910లోనూ 1912లోనూ అమెరికా పర్యటనకు వెళ్లిన కార్నో జట్టులో చార్లీ ఉన్నాడు, స్టాన్ లారెల్ కూడా ఉన్నాడు. సిడ్నీ ఇంగ్లండులోనే ఉండిపోయాడు, ఎందుకంటే అక్కడి వేదికకు అతను కావాలి. ఇదొక చిన్న సంగతి. అయినా దీని దగ్గర కాస్త ఆగాలనిపిస్తుంది. సముద్రం దాటిన జట్టులో అన్న ఉండి, తమ్ముడు ఇంట్లో ఉండిపోయి ఉంటే? 1913లో సినిమాకంపెనీ వాళ్ల కన్ను ఎవరి మీద పడేదో? ఇలాంటి ప్రశ్నలకు అంతు ఉండదు. పైగా ఇవి అడిగేవాళ్లకు లోపల్లోపల జవాబు తెలిసే ఉంటుంది. చార్లీలో ఉన్నది సిడ్నీలో లేదు. మూకహాస్యం ఇద్దరికీ వచ్చు. నవ్వు మధ్యలో గుండె కలుక్కుమనిపించడం ఒక్కడికే వచ్చు.

1914 నవంబరులో సిడ్నీ అమెరికా చేరేటప్పటికి చార్లీ కీస్టోన్ కంపెనీ వదిలి వెళ్లే ముహూర్తంలో ఉన్నాడు. చాప్లిన్ పోతే ఇంకో చాప్లిన్ అనుకున్నాడు కాబోలు కీస్టోన్ అధిపతి మాక్ సెన్నెట్, తమ్ముడికి మొదట ఇచ్చిన జీతం కన్నా ఎక్కువకే అన్నను పెట్టుకున్నాడు. సిడ్నీ చేత గసిల్ అనే వేషం కట్టించారు. పెద్ద పొట్ట, చిన్న టోపీ, మీసం, ఆడవాళ్ల వెంట పడే బుద్ధి. అప్పటికే చార్లీ కట్టే ట్రాంప్ వేషాన్ని అనుకరించి బతికేవాళ్లు బోలెడంత మంది తయారవుతున్నారు. హక్కుగా ఆ పని చేయగలిగిన ఒకే ఒక్కడు చేయలేదు, పొట్ట కట్టుకుని తన తోవ తాను చూసుకున్నాడు. గసిల్ గొప్ప వేషమేమీ కాదు. కానీ 1915లో వచ్చిన 'ఎ సబ్‌మెరైన్ పైరేట్' గట్టి సినిమా. హోటల్ సర్వరు ఒకడు దొంగల కుట్ర చెవిన పడి, తానే సబ్‌మెరైన్ కెప్టెన్‌గా వేషం వేసుకుని బయల్దేరతాడు. నిజం సబ్‌మెరైన్ మీద తీశారు దాన్ని. ఓడల మీద సర్వరుగా చేసినవాడికి ట్రేలు పట్టుకుని ఊగడం ఎవరూ నేర్పక్కర్లేదు. సినిమా బాగా ఆడింది.

బాగా ఆడిన సినిమా తర్వాత నటుడెవడైనా ఏం చేస్తాడు? ఇంకొకటి చేస్తాడు. సిడ్నీ మేకప్ తుడిచేసుకుని తమ్ముడి లెక్కల పుస్తకం తెరిచాడు.

1916 ఫిబ్రవరిలో మ్యూచువల్ కంపెనీతో కుదిరిన ఒప్పందం సిడ్నీ బేరమాడినదే. వారానికి 10,000 డాలర్లు, సంతకం పెట్టినందుకు విడిగా 1,50,000. మొత్తం ఏడాదికి 6,70,000 డాలర్లు. అప్పటికి చార్లీ వయసు ఇరవై ఆరు. రెండేళ్ల కిందట అతను వారానికి 150 డాలర్లకు కీస్టోన్‌లో చేరినవాడు. మరుసటి ఏడాది ఫస్ట్ నేషనల్‌తో ఎనిమిది చిత్రాలకు పది లక్షల డాలర్ల ఒప్పందం, అదీ అన్నయ్య చలవే. ఈ అంకెలు చూసి నోరు వెళ్లబెట్టడం తేలికే. వాటి వల్ల ఏం జరిగిందన్నది అంతకన్నా ముఖ్యం. ఫస్ట్ నేషనల్ డబ్బు, సొంత స్టూడియో ఉండబట్టే చార్లీ ఒక సన్నివేశాన్ని పదే పదే తీసుకుంటూ, నచ్చకపోతే పారేసి, వారాల తరబడి ఆలోచిస్తూ కూర్చోగలిగాడు. చార్లీ తీరిక అన్నయ్య బేరంలో గెలుచుకొచ్చిన తీరిక. తమ్ముడి వెలుగు అన్నను కప్పేసిందంటారు. ఆ వెలుగులో నూనె పోసిన చెయ్యి ఎవరిదని మాత్రం ఎవరూ అడగరు. పూటకూ గతిలేని ఇంట్లో సోమవారం సూటు తాకట్టు పెట్టినవాడు స్టూడియో అధిపతుల ఎదుట కూర్చుని ఇంకో యాభై వేలు పెంచండి అని అడుగుతున్నప్పుడు, గసిల్ వేషం కట్టలేకపోతున్నానే అని బాధపడి ఉంటాడా? పడి ఉండడు. మనం అతని తరఫున పడుతున్న బాధ ఇది.

ఊరికే కూర్చునే రకమూ కాదు. 1919లో లాస్ ఏంజెలెస్‌లో ఎమరీ రోజర్స్ అనే పైలట్‌తో కలిసి సిడ్ చాప్లిన్ ఎయిర్‌క్రాఫ్ట్ కార్పొరేషన్ పెట్టాడు. కాటలీనా ద్వీపానికి మనుషుల్ని ఎక్కించుకుపోయిన ఆ కంపెనీ అమెరికాలో తొలి ప్రయాణికుల విమాన సర్వీసుల్లో ఒకటి. ఎక్కువ కాలం నడపలేదు. ఆ ఏడే ఫేమస్ ప్లేయర్స్-లాస్కీ కంపెనీ అతనికే పది లక్షల డాలర్ల ఒప్పందం ఇచ్చింది. తమ్ముడికి ఇప్పించినంత తనకూ ఇప్పించుకున్నాడన్నమాట. ఫలితంగా వచ్చింది ఒకే ఒక్క సినిమా, 1921 నాటి 'కింగ్, క్వీన్, జోకర్'. అందులో సిడ్నీ ద్విపాత్రాభినయం చేశాడు. ఒకడు రాజు, అచ్చం అతనిలాగే ఉండే ఇంకొకడు మంగలి. చిత్రం బోర్లాపడింది, ఇప్పుడు ముక్కలుగా తప్ప మిగల్లేదు. పంతొమ్మిదేళ్ల తర్వాత చార్లీ 'ది గ్రేట్ డిక్టేటర్' తీశాడు. అందులో ఒకడు నియంత, అచ్చం అతనిలాగే ఉండే ఇంకొకడు మంగలి. అంతకు ముందు, 1918లోనే, చార్లీ తీసిన 'షోల్డర్ ఆర్మ్స్'లో మీసాల జర్మనీ చక్రవర్తిగా వేసి తన్నులు తిన్నది కూడా సిడ్నీయే. దీన్నుంచి ఏమైనా తేల్చాలా? అక్కర్లేదు. ఒకే ఇంట్లో పెరిగినవాళ్లకు ఒకే రకం తమాషా తట్టడంలో వింత ఏముంది? అయినా మంగలి దుకాణం మాత్రం ముందు అన్నయ్యది.

ఇక ఎవరూ చెప్పని భాగం. 1923లో తమ్ముడి 'ది పిల్‌గ్రిమ్'లో అల్లరి పిల్లవాడి తండ్రిగా వేశాడు. కేకు అనుకుని చార్లీ కోసి వడ్డించబోయిన టోపీ ఆ తండ్రిగారిదే. ఆ తర్వాత తమ్ముడి సినిమాల్లో కనిపించడం మానేశాడు. 1925లో 'చార్లీస్ ఆంట్' వచ్చింది. బ్రాండన్ థామస్ రాసిన పాత ఇంగ్లిష్ ప్రహసనం, మగవాడు ఆడవేషం కట్టి అత్తయ్యలా నటించే కథ. నలభయ్యేళ్ల సిడ్నీ నల్ల పట్టు గౌను, తెల్ల విగ్గు పెట్టుకుని దిగితే థియేటర్లు నిండిపోయాయి. ఆ సంవత్సరమే చార్లీ 'ది గోల్డ్ రష్' తీశాడు. ఒకే ఏడు అన్నదమ్ములిద్దరూ సొంతంగా గెలిచారు. అయితే విధి కూడా కాస్త కొంటెదే, సిడ్నీ జీవితంలోకెల్లా పెద్ద విజయానికి పేరులోనే చార్లీ ఉన్నాడు! వెంటనే వార్నర్ బ్రదర్స్ పిలిచి వరసగా చిత్రాలు చేయించింది. 'ది మ్యాన్ ఆన్ ది బాక్స్', 'ఓ! వాట్ ఎ నర్స్!'. రెంటిలోనూ మళ్లీ ఆడవేషం. ఒక వేషం పండితే దాన్నే పిండుకోవడం పరిశ్రమ అలవాటు, మనకు తెలియనిది కాదు. 1920ల నడిమి నాటికి సిడ్నీ చాప్లిన్ అంటే సొంత కాళ్ల మీద నిలబడ్డ తార. 'తమ్ముడి నీడ' కథ చెప్పేవాళ్లు ఈ నాలుగైదేళ్లను గబగబా దాటేస్తారు, కథకు అడ్డమొస్తాయి గనక.

దాటేసే ఇంకో చోటు కూడా ఉంది. ఇది చేదు. 1928లో సిడ్నీ ఇంగ్లండు వెళ్లి బ్రిటిష్ ఇంటర్నేషనల్ పిక్చర్స్‌కి 'ఎ లిటిల్ బిట్ ఆఫ్ ఫ్లఫ్' చేశాడు. తర్వాతది పాత కార్నో ప్రహసనం 'మమ్మింగ్ బర్డ్స్'. దాని పనులు జరుగుతుండగా 1929లో ఒక నటి తన మీద అతను దారుణంగా లైంగిక దాడి చేశాడని ఆరోపించింది. కంపెనీ ఆమెతో కోర్టు బయట రాజీ చేసుకుంది. సిడ్నీ ఇంగ్లండు వదిలి వెళ్లిపోయాడు. మరుసటి ఏడాది దివాలా తీశాడు. మళ్లీ ఏ సినిమాలోనూ నటించలేదు. మాటల సినిమా వచ్చి మూకీ నటుల్ని మింగేసిందనీ, చార్లీ నీడలో సిడ్నీ వాడిపోయాడనీ చెప్పుకోవడం ఎంత హాయి! అతని కెరీర్‌కి తెర దించింది తమ్ముడి కీర్తి కాదు, అతని నడవడి. నీడ కథ అతని పనితనాన్ని దాచింది, అతని తప్పును కూడా దాచింది. జాలిపడటానికి అలవాటుపడ్డ కన్ను రెండింటినీ చూడదు.

ఫ్రాన్సులోని నీస్‌లో స్థిరపడ్డాక సిడ్నీ ఇంచుమించు యాత్రికుడైపోయాడు. 1932లో తమ్ముడితో కలిసి బాలీ ద్వీపం తిరిగాడు, చేతిలో సినిమా కెమెరా. ఆ మేలో ఇద్దరూ జపాన్‌లో ఉండగానే ప్రధాని ఇనుకాయ్ త్సుయోషిని సైనికాధికారులు కాల్చి చంపారు. చార్లీనీ చంపాలన్న ఆలోచన ఆ కుట్రలో ఉందని తర్వాత బయటపడింది. 'ది గ్రేట్ డిక్టేటర్' తీస్తున్నప్పుడు సిడ్నీ స్టూడియోలోనే ఉన్నాడు. నలుపు తెలుపు చిత్రం అది. పక్కన నిలబడి అతను తన చిన్న కెమెరాతో రంగుల్లో తీసుకున్నాడు. ఏళ్లకేళ్లు పెట్టెలో పడున్న ఆ రీళ్లను కెవిన్ బ్రౌన్లో, మైకేల్ క్లాఫ్ట్ 2002లో 'ది ట్రాంప్ అండ్ ది డిక్టేటర్' అనే డాక్యుమెంటరీలో వాడుకున్నారు.

ఈ కుటుంబంలో నీడల లెక్క తీస్తే ఇంకా ఉన్నారు. హానాకి మూడో కొడుకు వీలర్ డ్రైడెన్, వేరే తండ్రికి పుట్టినవాడు, చిన్నప్పుడే తల్లికి దూరమైనవాడు. అతనూ నటుడే. 'ఎ లిటిల్ బిట్ ఆఫ్ ఫ్లఫ్'కి దర్శకుల్లో ఒకడు, తర్వాత 'ది గ్రేట్ డిక్టేటర్'కి సహాయకుడు. అన్న కీర్తికి బలైనవాడి కోసం వెతికేవాళ్లు ఇతణ్ణి చూడాల్సింది. ఇక చార్లీ తన కొడుక్కి అన్నయ్య పేరే పెట్టుకున్నాడు. 1926లో పుట్టిన ఆ సిడ్నీ పెద్దవాడై 'లైమ్‌లైట్'లో నటించాడు, 1957లో బ్రాడ్వే వేదిక మీద టోనీ పురస్కారం అందుకున్నాడు. ఇప్పుడు సిడ్నీ చాప్లిన్ అని ఎవరైనా వెతికితే పెదనాన్నకూ అబ్బాయికీ మధ్య కాసేపు గందరగోళం తప్పదు. తమ్ముడి చాటున ఉన్నది చాలదన్నట్టు పేరు కూడా పంచుకోవాల్సి వచ్చింది! సిడ్నీ 1965లో నీస్‌లో పోయాడు. ఆ రోజు ఏప్రిల్ 16, చార్లీకి డెబ్భై ఆరో పుట్టినరోజు. అతణ్ణి సమాధి చేసింది స్విట్జర్లాండులో తమ్ముడి ఇల్లున్న వెవే పట్నానికి దగ్గర్లో, క్లారెన్స్‌లో.

సిడ్నీ గురించి లీసా స్టైన్ రాసిన జీవితచరిత్ర వచ్చేదాకా అతని మీద ఒక పూర్తి పుస్తకమంటూ దొరకడం కష్టమైంది. కానీ పుస్తకం కన్నా ముందు చూడాల్సింది 1926లో వార్నర్ వాళ్లు తీసిన 'ది బెటర్ ఓల్'. బ్రూస్ బేర్న్స్‌ఫాదర్ మొదటి ప్రపంచయుద్ధపు కార్టూన్లలోని ఓల్డ్ బిల్ అనే ముసలి సిపాయి కథ. వైటాఫోన్ పద్ధతిలో సంగీతం, శబ్దాలు జతచేసిన రెండో పెద్ద చిత్రం అది, ఆ శబ్దంతో సహా నేటికీ మిగిలింది. వాల్రస్ మీసాలతో, నోట్లో పైపుతో సిడ్నీ అందులో ట్రాంప్‌కి ఏ పోలికా లేని మనిషి. చార్లీ అయితే కన్ను చెమర్చేలా చేసేచోట ఇతను గొణుక్కుంటూ పక్కకు జరిగిపోతాడు. సైనికుల నాటకంలో బిల్, అతని మిత్రుడు కలిసి గుర్రం వేషం కడతారు, ఒకడు ముందుకాళ్లు, ఒకడు వెనకకాళ్లు. వేషంలో ఉండగానే ఊళ్లోకి జర్మన్లు దిగిపోతారు. అక్కణ్ణుంచి ఆ గుర్రం శత్రువుల మధ్య నడిచి బయటపడాలి. కూర్చోవాలి, కాళ్లు ముడుచుకోవాలి, ఎవరైనా చూస్తుంటే అచ్చం గుర్రంలా నిలబడాలి. ఆ గుర్రాన్ని చూస్తున్నంతసేపూ నవ్వు రాకపోతే, అప్పుడు తమ్ముణ్ణి తలుచుకుని పోల్చి చూసుకోవచ్చు.